ఫార్వర్డ్ చేసిన అబద్ధానికి ఎవరికి బాకీ?

ఎరువులకొట్టు:
అచ్చంపేటలో ఎరువుల దుకాణం నాది. ఎండలు ముదిరితే అమ్రాబాద్ వైపు నుంచి ఒక చెంచు మనిషి తేనె తెచ్చి అమ్మేవాడు. సీసాలు పగలకుండా గోనెసంచిలో గడ్డి కూరి తెస్తాడు. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఆ తేనే. మార్చిలో వీధి వాట్సాప్ గ్రూపులోకి అతని ఫొటో వచ్చింది: తేనె పేరుతో ఇళ్లు చూసుకుని పోయి రాత్రి దోచే ముఠా అట. ముఖం గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా, ఎందుకైనా మంచిదని బంధువుల గ్రూపుకు, దుకాణదారుల గ్రూపుకు పంపాను. తీరా చూస్తే దొంగతనమే లేదు. తాళంచెవి మరిచి తన ఇంటి గోడే దూకిన ఒక పిల్లవాడిని దొంగ అనుకున్నారు. వారం తర్వాత విషయం తెలిసి, పంపింది తీసేశాను. జూన్ వచ్చింది, తేనె రాలేదు. తీసేస్తే సరిపోయినట్టేనా?

సెల్‌మరమ్మతు, కల్వకుర్తి:
వారం తర్వాతా? అందరి ఫోన్లలో తొలగించే వీలు రెండు రోజుల పన్నెండు గంటల వరకే. ఆపైన మీ ఫోనులో మాత్రమే పోతుంది. ఎవరైనా ఇంకొకరికి పంపి ఉంటే, మీరు వెంటనే తీసినా ఆ నకలు పోదు.

గద్వాలవాసి:
2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు లేచినప్పుడు, మా జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పులతో, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది. మీరు పంపింది రెండింటికే కాబట్టి ఆ కట్టడి మిమ్మల్ని ఆపేది కాదు. ఆ రెండు గ్రూపుల్లోనూ మీ పేరుతో చాటింపు వేయండి.

పంతులమ్మ:
చాటింపు మంచిదే. దండాల బొమ్మలు నలభై వస్తాయి, మీ మనసు తేలికపడుతుంది. అతను మాత్రం ఆ గ్రూపుల్లో లేడు. అమ్రాబాద్ వైపున్న మన్ననూరు బస్సు ఎక్కండి.

ఎరువులకొట్టు:
రెండు గ్రూపుల్లో రాశాను. దండాలు పద్నాలుగే, అమ్మా. నిన్న మన్ననూరు వెళ్లి అడుగుతూ పోతే సంతలో దొరికాడు. అచ్చంపేటలో ఇద్దరు సంచి వెతికారట, అందుకే ఈసారి రాలేదట. అందులో నా చేయి ఉందని చెప్పాను. కోపగించుకోలేదు. "ఆ ఫొటో ఒకసారి చూపించండి సార్" అన్నాడు. నా ఫోనులో లేదు. బావమరిదికి ఫోను చేస్తే క్షణంలో పంపాడు. ఇంకా దాచుకునే ఉన్నాడు. అతను ఫోను మీద ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. "ఈ చొక్కా మా పెద్దపిల్ల పెళ్లికి కొన్నది" అన్నాడు.