బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులు అదే బృందంలో కొనసాగవచ్చా?

ఖమ్మం తండ్రి:
తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రుల మా బృందం నెలకొకసారి, పిల్లలకు రక్తం ఎక్కించే రోజునే సమావేశమవుతుంది. నిరుడు పదకొండేళ్ల కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఇప్పటికీ వస్తున్నారు. ఆమె గోడు విన్న బృందంలో కొత్తగా చేరిన రెండు మూడు జంటలు మళ్లీ రాలేదు. ఆమె పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా బిడ్డలను కోల్పోయినవారికి వేరే బృందం ఉండడమే మేలని నా అభిప్రాయం.

నెల్లూరు తల్లి:
అన్నగారూ, ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుపోతుందని డాక్టరుగారు మాకు మొదటి రోజే చెప్పారు. కానీ దాన్ని బయటికి పంపే మందును ఒక్క పూట కూడా మానకూడదన్న మాట నా మనసుకు పట్టింది బిడ్డను పోగొట్టుకున్న ఒక అక్క వల్లనే. ఆమె తన బాబు పాత రిపోర్టులను సంచిలోంచి తీసి, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ అంకెలు ఏ నెలలో ఎలా పెరిగాయో వేలు పెట్టి చూపించారు. మాత్రను నీళ్లలో కరిగించి పరగడుపున తాగించాక, గ్లాసు అడుగున మిగిలిన పొడిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి అదీ తాగించమన్నారు. ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టి ఉంటే నాకు ఆ మాట ఎవరు చెప్పేవారు?

గుంటూరు తండ్రి:
నేను బిడ్డను పోగొట్టుకున్నవాణ్ని. పాప పోయాక ఏడాది పాటు బృందం వైపు వెళ్లలేదు. బంధువులు మరో బిడ్డను కనమన్నారు. తల్లిదండ్రులిద్దరికీ తలసేమియా మైనర్ ఉంటే, అంటే తాము ఆరోగ్యంగానే ఉన్నా ఆ జన్యులోపాన్ని మోస్తుంటే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుందని వారికి విడమరచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మూడు వారాలకొకసారి, రక్తం ఎక్కించే రోజున, తెల్లవారుజామునే మెలకువ వచ్చేది. దాతకు ఫోన్ చేయాలన్న ఆదుర్దాతో లేచి కూర్చున్నాక, ఇక ఆ అవసరం లేదని గుర్తొచ్చేది. ఈ సంగతి చెప్పగానే అర్థం చేసుకున్నవారు ఆ గదిలోనివారే. నన్ను ఇప్పటికీ పాప పేరు పెట్టి, ఆమె నాన్నగా పిలిచేదీ వారే. వేరే బృందం పెడితే మా ఊళ్లో అందులో కూర్చునేది నేనూ మా ఆవిడా మాత్రమే. అయితే కొత్తవారు వచ్చిన మొదటి రోజున మావంటివారు కాస్త పక్కకు ఉండడం న్యాయమేనని ఒప్పుకుంటాను.

ఖమ్మం తండ్రి:
ఆమెను అడగకుండానే ఆమె గురించి ఒక నిర్ణయానికి వచ్చాను, అది నా తప్పే. వచ్చే సమావేశానికి ముందే ఇంటికి వెళ్లి మాట్లాడతాను. కానీ కొత్తవారికి మొదటి రెండు సమావేశాలు విడిగా జరగాలన్న మాటను మాత్రం వదులుకోలేను. మళ్లీ రాని ఆ దంపతుల్లో ఒకరి పాపకు అప్పటికి పది నెలలే.