మతానికి తగ్గింది నమ్మకమా, పనా?

చర్చకు పెట్టిన ప్రశ్న: చదువు, సైన్సు పెరిగేకొద్దీ మతం వెనక్కి తగ్గుతుందన్న మాట నిజమేనా? (సూటిమాట, నిదానం, అడ్డుప్రశ్న, రేవు అన్నవి చర్చలో పాల్గొన్నవారి మారుపేర్లు.)

సూటిమాట: నిజమే. ఇంగ్లండ్, వేల్స్ జనగణన చూడండి. క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2011లో 59.3 శాతం, 2021కి 46.2 శాతం. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. చదువుకున్నకొద్దీ దేవుడితో అవసరం తగ్గుతుంది. ఇందులో వాదించడానికేముంది?

నిదానం: అంకెలు సరే గానీ, మీరు చెప్పిన కారణం ఒప్పుకోలేను. పరిణామ సిద్ధాంతం చదివి చర్చి మానేసినవాళ్లు ఎందరుంటారండీ? ఐరోపాలో ఒకప్పుడు పుట్టుక, పెళ్లి, చావు రాసిపెట్టింది చర్చే. ఫ్రాన్స్ 1792లో ఆ లెక్కలు ఊరి పాలకుల చేతికిచ్చింది. ఇంగ్లండ్‌లో 1837 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రార్లు వచ్చారు. తర్వాత బడి, ఆసుపత్రి, పేదలకు సాయం, ముసలివాళ్లకు పింఛను చాలావరకు సర్కారు చూసుకోవడం మొదలైంది. వెళ్లాల్సిన పని లేకపోయేసరికి జనం వెళ్లడం తగ్గించారు. నమ్మకం పలచబడింది ఆ తర్వాతే.

అడ్డుప్రశ్న: మరి అమెరికా సంగతి? అక్కడా రిజిస్ట్రార్లు, బడులు అన్నీ ఉన్నాయిగా!

నిదానం: ఉన్నాయి. కానీ ప్రభుత్వ ఆసరా పశ్చిమ ఐరోపాలో ఉన్నంత లేదు. కష్టమొస్తే పలికే మనుషులు చాలామందికి చర్చిలోనే దొరికారు. అయినా గాలప్ అనే సంస్థ చేసిన సర్వేలో ఏదో ఒక ప్రార్థనా మందిరంలో సభ్యులమన్నవారు 1999లో 70 శాతం, 2020లో 47. (ఇది నా వాదనకు కొంచెం ఇబ్బందే. ఆ మధ్యలో ప్రభుత్వ సాయం కొంత పెరిగినా, సభ్యత్వం ఇంతగా పడిపోయేంత ఏమీ పెరగలేదు.)

రేవు: ఆధునికత వస్తే మతం పోతుందని 1960ల్లో రాసిన సమాజ శాస్త్రవేత్త పీటర్ బెర్గరే 1990ల చివరికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 1979లో ఇరాన్‌లో మతగురువులు అధికారంలోకి రావడం చూశాక ఎవరైనా తీసుకోవాల్సిందే! అయినా మీరంతా లెక్కలే పట్టుకున్నారు. ఏళ్ల తరబడి గుడికో చర్చికో వెళ్లనివాళ్లు కూడా ఇంట్లో ఎవరైనా పోతే మతగురువు కోసం వెతుకుతారు. ఆఫీసు ఇచ్చేది సర్టిఫికెట్టు. నలుగురూ కలిసి ఏడవడానికి ఒక పద్ధతి కావాలి, అది ఇంకా మతం దగ్గరే ఉంది.

అడ్డుప్రశ్న: రేవు గారి మాట బాగుంది. నాకు మాత్రం నిదానం గారితోనే పేచీ. ఐర్లండ్‌లో ప్రాథమిక బడుల్లో అత్యధికం ఇవాళ్టికీ కాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే ఉన్నాయి. అంటే మీ లెక్కన పని పోలేదు. అయినా చర్చి వద్దన్న విడాకుల హక్కు 1995 రిఫరెండంలో (ప్రజల ఓటింగులో) అంచుమీద గట్టెక్కితే, 2018లో గర్భస్రావం విషయంలో చర్చికి ఎదురుగా 66 శాతం ఓటేశారు. మధ్యలో జరిగిందేమిటంటే, చర్చి సంస్థల్లో పిల్లలపై జరిగిన అఘాయిత్యాలు విచారణల్లో బయటపడ్డాయి. బడి చేతిలోనే ఉన్నా మాట చెల్లకపోవడాన్ని మీ సిద్ధాంతం ఎలా వివరిస్తుంది?