తెలుగు పోస్టరుకు ఇంగ్లీషు టెంప్లేటు: వాడాలా, వదిలేయాలా?

కొత్తకుంచె:
మా ఊరి గ్రంథాలయ కార్యక్రమాల పోస్టర్లూ, ఒకే పేజీ ఉన్న దాని వెబ్‌సైటూ నేనే చూసుకుంటున్నాను. డిజైను ఎక్కడా నేర్చుకోలేదు. ఆన్‌లైన్ యాప్‌లో ఏదో ఒక ఇంగ్లీషు టెంప్లేటు (ముందే అమర్చి ఉంచిన నమూనా) ఎంచుకొని, అందులోని మాటలు తీసేసి తెలుగు పెడుతుంటాను. ఇంగ్లీషులో ఎంతో పొందికగా కనిపించినది తెలుగు పెట్టగానే ఇరుకైపోతోంది. ఈసారి ‘రాష్ట్రస్థాయి వ్యాసరచన పోటీలు’ అన్న శీర్షిక రెండు వరుసలు కాగానే, పై వరుసలోని ఒత్తులు వచ్చి కింది వరుస మీద కూర్చున్నాయి. టెంప్లేట్లు మానేసి ఖాళీ పేజీతో మొదలుపెట్టమని ఒక మిత్రుడి సలహా. నాలాంటివారికి అది సాధ్యమేనా? దయచేసి కారణాలతో సహా చెప్పండి.

పాతప్రెస్సు:
మీ మిత్రుడి మాటే సరైనది. టెంప్లేటులోని కొలతలన్నీ లాటిన్ అక్షరాలను చూసి వేసినవి. ఇంగ్లీషు శీర్షిక పూర్తిగా పెద్దక్షరాలలో (క్యాపిటల్స్‌లో) ఉన్నప్పుడు దాదాపు ఏ అక్షరమూ వరుస గీత దిగువకు జారదు కాబట్టి, వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి సమానంగా పెట్టినా చెల్లుతుంది. తెలుగులో పైన గుడులూ ఏత్వాలూ ఉంటాయి, కింద ఒత్తులుంటాయి, ‘రాష్ట్రం’ లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు ఒత్తులుంటాయి. పైగా ఆ టెంప్లేట్లు ముఖ్యమైన మాటను పెద్దక్షరాలతోనో, వాలు (ఇటాలిక్) అక్షరాలతోనో, సన్నని గీతల అక్షరాలను దూరదూరంగా పేర్చో చూపిస్తాయి. తెలుగుకు పెద్దక్షరాలు లేవు. వాలు రూపం లేని ఫాంటును బ్రౌజరు తానే పక్కకు ఒరగదీస్తుంది, అది చూడటానికి బాగుండదు. ఇవన్నీ తీసేస్తే ఆ టెంప్లేటులో మిగిలేది వెనకాల బొమ్మ ఒక్కటే.

గోదారిగట్టు:
పాతప్రెస్సు గారు చెప్పిన కారణాలు నిజమే గానీ, వాటినుంచి ఆయన తేల్చిన తీర్పును మాత్రం నేను ఒప్పుకోలేను. కొత్తవారి చేతికి ఖాళీ పేజీ ఇస్తే ఏమవుతుందో మన కూడళ్లలోని ఫ్లెక్సీలు రోజూ చూపిస్తూనే ఉన్నాయి: వరుసకొక రంగు, అంచులదాకా ఫొటోలు, చుట్టూ వేలెడు ఖాళీ కూడా ఉండదు. ఎంత ఖాళీ వదలాలో, ఏ విషయం పక్కన ఏది ఉండాలో, రెండు మూడు రంగులతో ఎలా సరిపెట్టుకోవాలో టెంప్లేటు నేర్పుతుంది. ఆ క్రమశిక్షణే కొత్తవారికి కావలసింది.

ఇక మరమ్మతు విషయానికి వస్తే, వరుసల దూరం అక్షర పరిమాణానికి 1.2 రెట్లు ఉన్నచోట 1.6 రెట్లు చేయండి, అక్షరాల మధ్య అదనంగా ఇచ్చిన దూరాన్ని సున్నా చేయండి. రెండు అంచులూ సమంగా లాగే అమరిక వద్దు. ‘ప్రారంభోత్సవానికి’ లాంటి పొడుగు మాట కింది వరుసకు దిగిందంటే పై వరుసలో పదాల మధ్య పెద్ద కంతలు పడతాయి. ఎడమకు సర్దితే చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది పరిమాణం. 1080 పిక్సెళ్ల వెడల్పుతో చేసిన పోస్టరు వాట్సాప్‌లో తెరిచినప్పుడు, 360 పిక్సెళ్ల కొలతతో పనిచేసే ఫోను తెరమీద మూడోవంతుకు కుదించుకుపోతుంది. మీరు 30 పిక్సెళ్లలో పెట్టిన అక్షరం చదివేవారికి 10గా కనబడుతుంది, కనుక తేదీ, చోటు వంటివి 48కి తగ్గకూడదు.

పాతప్రెస్సు:
అక్షరం 48, వరుస దూరం 1.6 చేశాక ఆ టెంప్లేటు పెట్టెలో ఆ మాటలు పడతాయా? పడవు. పెట్టెను సాగదీస్తారు, పక్కనున్న బొమ్మ జరుగుతుంది, మీరు పొగిడిన ఆ ఖాళీ కాస్తా పోతుంది. వేరొకరి కొలతకు కుట్టిన చొక్కాను విప్పి మళ్లీ కుట్టడం కంటే గుడ్డ కొనుక్కోవడం సులువు. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు మాటలూ ముందు కాగితం మీద రాసుకొని, వాటిలో పెద్దది ఏదో నిర్ణయించుకొని, తెలుపు మీద నలుపుతో అమర్చి చూడండి. రంగూ బొమ్మా ఆ తర్వాత.

నల్లబల్ల:
ఇద్దరూ పోస్టరు దగ్గరే ఆగిపోయారు, వెబ్‌సైటు సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలా గ్రంథాలయాల, గుడుల, సంఘాల పేజీల్లో ప్రకటన మొత్తం ఒక బొమ్మగానే ఉంటుంది. డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లతో టైపు చేసినది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తుపట్టే అక్షర సంకేతం) కాదు కాబట్టి, దాన్ని బొమ్మగా మార్చి అతికించేస్తారు. చూపు లేనివారి స్క్రీన్ రీడరు దాన్ని చదివి వినిపించలేదు, వెతికేవారికీ అది సరిగా దొరకదు. పోస్టరు ఎలా చేసినా సరే, అందులోని సమాచారాన్ని పేజీలో యూనికోడ్ తెలుగులో విడిగా రాయండి.

రంగుల విషయంలో టెంప్లేటును గుడ్డిగా నమ్మవద్దు. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్టు) కనీసం 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 ఉండాలి. తెలుపు మీద పచ్చి ఎరుపు దాదాపు 4:1 మాత్రమే వస్తుంది. అంటే శీర్షికకు పనికొస్తుంది, కింది సన్నని మాటలకు పనికిరాదు. తెలుపు మీద పసుపు గురించి చెప్పనే అక్కరలేదు.

కొత్తకుంచె:
ధన్యవాదాలు. ఫాంటు గురించి ఒక్క సందేహం. నాకు రామభద్ర చాలా నచ్చింది. పోస్టరుకూ పేజీకీ అదొక్కటే వాడవచ్చా?

గోదారిగట్టు:
శీర్షికకు నిశ్చింతగా వాడండి, పేరాలకు వద్దు. దాని గీతలు లావు. చిన్న పరిమాణంలో అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అది ఒకే మందంలో వస్తుంది కాబట్టి, బోల్డ్ మీట నొక్కితే కంప్యూటరు తానే ఇంకా లావు చేసి మరీ చెడగొడుతుంది. చదివే పాఠానికి నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగులలో ఏదో ఒకటి తీసుకోండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, పలు మందాల్లో దొరుకుతాయి. పోస్టరుకు రెండు ఫాంట్లు దాటవద్దు.

పాతప్రెస్సు:
ఫాంట్ల విషయంలో గోదారిగట్టు గారితో నాకు పేచీ లేదు. టెంప్లేటు తప్పదనుకుంటే మీదే ఒకటి తయారు చేసుకోండి: తెలుగు మాటలతో ఒక పోస్టరు కుదురుగా అమరగానే దాన్ని దాచుకొని, ప్రతి కార్యక్రమానికీ మాటలు మార్చండి.

గోదారిగట్టు:
ఆ మొదటిది కుదరడానికే కదా ఎవరిదో ఒకరి టెంప్లేటు కావాలి! మన వాదం ఇక్కడ తేలేలా లేదు.

నల్లబల్ల:
ఏ దారిన వెళ్లినా ఒక పరీక్ష చేసుకోండి. ఎంచుకున్న యాప్‌లో, ఎంచుకున్న ఫాంటులో ‘రాష్ట్రం’, ‘లక్ష్మీ’, ‘స్త్రీ’ అని మూడు వరుసలు టైపు చేయండి. ఒత్తులు విడిపోయి పొల్లుతో కనిపిస్తే ఆ యాప్ గానీ దాని అమరిక గానీ తెలుగుకు సిద్ధంగా లేదన్నమాట. ఫోటోషాప్ పాత వెర్షన్ అయితే ముందుగా అక్షరాల అమరికలలో ‘వరల్డ్-రెడీ’ ఎంపిక పెట్టి చూడండి. ఒత్తులు సరిగ్గా పడి, ఒక వరుస మరొకదానికి తగలకపోతే, ఆ పోస్టరును పంపేముందు మీ ఫోనులో తెరిచి, చత్వారం ఉన్న పెద్దవారెవరికైనా ఇచ్చి చదవమనండి.