నాలుగో జ్వరం దగ్గర ఆగిపోయిన కథ: సలహా ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, సొంతూరు హిందూపురం వైపు. మారతహళ్లిలో పీజీలో ఉండే ఒక అమ్మాయి మెల్లగా పట్టుపురుగుగా మారిపోయే కథ రాస్తున్నాను.

మా వైపు పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. అలా నాలుగు జ్వరాలు. చిన్నప్పుడు రాత్రిళ్లు మేడలో పురుగులు ఆకు మేస్తుంటే బయట వాన పడుతున్నట్టే ఉండేది. ఆ చప్పుడు ఆగితే భయం వేసేది. కథలో ఒక్కో జ్వరానికి ఒక్కో కవిత పెట్టాను. మూడు బాగానే కుదిరాయి.

నాలుగోది దాటాక గూడు కట్టాలి. కిలోమీటరు దాకా సాగే ఒకే దారం! లోపల పాత ఒళ్లు చాలావరకు కరిగిపోయి కొత్తది తయారవుతుంది. బయటికొచ్చే రెక్కల పురుగు (మాత్) ఏమీ తినదు. కానీ రీలింగ్‌కి, అంటే దారం తీయడానికి, వెళ్లే గూళ్లను అంతవరకూ రానివ్వరు కదా, వేడికి లోపలే చంపేస్తారు.

ఇక్కడే ఆగిపోయాను. కథంతా ఆమే 'నేను' అని చెబుతోంది. ఒళ్లు కరిగాక ఆ 'నేను' ఎవరిది? గొంతు మార్చాలా, మాటలు విరగ్గొట్టాలా? ఇలాంటివి రాసినవాళ్లు, పురుగులు పెంచినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.