థైరాయిడ్ అదుపులోకి వచ్చిందన్నారు, కళ్లు మాత్రం ఇంకా ఉబ్బుతున్నాయి, ఎముకల స్కాన్ -2.6 – ఎక్కడ తేడా కొడుతోంది?

కృష్ణాతీరం:
అమ్మకు 54 ఏళ్లు, బరువు 48 కిలోలు, నెలసరి ఆగి ఆరేళ్లు. ఐదు నెలల కిందట గ్రేవ్స్ జబ్బని (ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్‌ను రెచ్చగొట్టి హార్మోన్ ఎక్కువ చేసే జబ్బు) తేలింది. హార్మోన్ తగ్గించే కార్బిమజోల్ రోజుకు 30 మి.గ్రా.తో మొదలుపెట్టి ఇప్పుడు 15కి తగ్గించారు. మొన్నటి రిపోర్టులో థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 1.5 (ల్యాబ్ రేంజ్ 0.9 నుంచి 1.7), థైరాయిడ్‌ను నడిపించే టీఎస్‌హెచ్ 0.01 (బాగా తక్కువ). గుండెదడ, చేతుల వణుకు పోయాయి. కానీ రెండు నెలల నుంచి కళ్లు ఎర్రబడి ముందుకొస్తున్నాయి, కుడివైపు ఎక్కువ. పొద్దున లేవగానే రెప్పలు వాచిపోయి ఉంటాయి, పైకి చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తోందంటుంది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టీ స్కోరు -2.6. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పెరిగింది, లివర్ పాడైందేమోనని ఇంట్లో ఒకటే కంగారు. మాత్రలు ఎన్నాళ్లని వాడతారు, థైరాయిడ్ గ్రంథిని మాడ్చేసే రేడియో అయోడిన్ తాగించేద్దాం అని ఒక డాక్టరు అన్నారు. నాన్న ఇంట్లోనే సిగరెట్లు కాలుస్తారు. థైరాయిడ్ నార్మల్ అయితే ఇవన్నీ వాటంతట అవే సర్దుకోవాలి కదా? వివరంగా చెప్పగలరు.

రెప్పపాటు:
సర్దుకోవండి. అక్కడే చాలామంది పొరబడతారు. కళ్లు ఉబ్బేది థైరాయిడ్ హార్మోన్ ఎక్కువై కాదు. థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటి వెనకున్న కొవ్వు మీద, కండరాల మీద కూడా పడతాయి. అక్కడి కణాలు నీటిని పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థాన్ని తయారుచేస్తాయి, కండరాలు లావెక్కుతాయి. కనుగుడ్డు కూర్చునే ఎముక గిన్నె సాగదు కాబట్టి గుడ్డు ముందుకు తోసుకొస్తుంది. కార్బిమజోల్ హార్మోన్‌ను వారాల్లో దారికి తెస్తుంది. కంటి వాపు మాత్రం తన లెక్క ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా రగిలి, తర్వాత చల్లారుతుంది. రగులుతున్నప్పుడు మందు పనిచేస్తుంది. చల్లారాక మిగిలిన ఉబ్బుకు ఎక్కువగా ఆపరేషనే దారి. అందుకే ఇప్పుడు రెండు నెలలు ఊరికే పోగొట్టుకోకూడదు.

వాపు ఎంత చురుగ్గా ఉందో డాక్టర్లు ఏడు గుర్తులతో లెక్కేస్తారు: ఊరికే ఉన్నా కంటి వెనక నొప్పి, కళ్లు తిప్పితే నొప్పి, రెప్పల ఎరుపు, తెల్లగుడ్డు ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు మీది పొర నీరుపట్టి ఉబ్బడం, ముక్కువైపు మూలలో ఉండే ఎర్రటి కండ వాపు. ఏడింట్లో మూడు ఉంటే చురుగ్గా ఉన్నట్టే. మీరు రాసినదాన్ని బట్టే రెండు మూడు లెక్కకొస్తున్నాయి. మామూలు కళ్లజోడు పరీక్షతో ఇది తేలదు. ఓక్యులోప్లాస్టీ, ఆర్బిట్ విభాగం (రెప్పలు, కనుగుడ్డు గిన్నె చూసేది) ఉన్న చోటికి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంటుంది.

మధ్యస్థంగానో తీవ్రంగానో ఉందని తేలితే ఎక్కువగా ఇచ్చేది మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్: వారానికి 500 మి.గ్రా. చొప్పున ఆరు వారాలు, తర్వాత 250 చొప్పున ఆరు వారాలు, మొత్తం 4.5 గ్రాములు. మొదలుపెట్టే ముందు షుగర్, బీపీ, లివర్ పరీక్షలు, హెపటైటిస్ బి చూడాలి. నెలల తరబడి రోజూ మింగే స్టెరాయిడ్ మాత్రల కంటే దీని దుష్ప్రభావాలు తక్కువ. అయినా ఎముకలు -2.6 ఉన్నాయని ఆ డాక్టరుకు ముందే చెప్పండి. కంటి డాక్టరు డెక్సా అడగరు, ఎముకల డాక్టరు కళ్లు చూడరు. రెండు ఫైళ్లూ ఒకే సంచిలో పెట్టుకెళ్లాల్సింది మీరే.

రేడియో అయోడిన్ సంగతి: కళ్లు చురుగ్గా వాచి ఉన్నప్పుడు అది వాపును ఇంకా రేపే ప్రమాదం ఉంది, ఇంట్లో పొగ ఉంటే మరీను. ఇవ్వక తప్పకపోతే స్టెరాయిడ్ రక్షణతో ఇస్తారు. లేదంటే మాత్రలు కొనసాగించడమో, గ్రంథి తీసేయడమో చేస్తారు. మాత్రల కోర్సు సాధారణంగా 12 నుంచి 18 నెలలు. ఐదు నెలలకే చాలనుకోవాల్సిన పని లేదు. సిగరెట్ మాత్రం మొహమాటం లేకుండా ఆపించండి. ఈ కంటి జబ్బును ముదిరించేదీ, మందు పనిచేయకుండా చేసేదీ పొగే. కిటికీ దగ్గర నిలబడి కాల్చినా పొగ ఇంట్లోకే వస్తుంది.

ఇంట్లో చేయాల్సినవి. పొద్దున రెప్పలు ఉబ్బడానికి కారణం రాత్రంతా బల్లపరుపుగా పడుకోవడం. తలగడలు పేరిస్తే మెడ వంగుతుందే తప్ప లాభం లేదు, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తు చేయండి. పగలు కన్ను తడిగా ఉంచే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5% చుక్కలు. రోజుకు ఐదారుసార్లు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. రాత్రి పడుకునే ముందు జెల్, చుక్కలన్నీ అయ్యాక ఐదు నిమిషాలు ఆగి. ‘ఎరుపు పోగొట్టే’ చుక్కలు వద్దు.

అమ్మ నిద్రపోయాక టార్చి పక్కకు పట్టి ఒకసారి చూడండి. రెప్పల మధ్య సన్నగా తెల్లగీత కనిపిస్తే కళ్లు పూర్తిగా మూసుకోవడం లేదు, నల్లగుడ్డు కింది భాగం రాత్రంతా ఎండుతోందన్నమాట. అప్పుడు జెల్ వేసి, కన్ను మూయించి, మైక్రోపోర్ టేపు పై రెప్ప నుంచి చెంప దాకా అంటించాలి. టేపు కింద కన్ను తెరుచుకుంటే గుడ్డు గీరుకుపోతుంది. అంటించాక తెరవమని చెప్పి, తెరుచుకోవడం లేదని చూసుకోండి. ఎలాగో మొదటిసారి ఆసుపత్రిలోనే చూపించుకోవడం మేలు.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. ఎర్రటి సీసా మూత ఒకటి తీసుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో, మళ్లీ ఇటు మార్చి చూపించండి. ఒక కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు, ఇటుక రంగులా కనిపిస్తే వాచిన కండరాలు వెనక నరాన్ని నొక్కుతున్నాయేమోనని అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మసక కూడా అంతే: రెప్ప ఆడిస్తే పోయేది పొడిదనం, ఆడించినా పోనిది ప్రమాదం. ఇందులో తమాషా ఏమిటంటే, బాగా ముందుకొచ్చిన కన్ను కంటే అంతగా రాని కంట్లోనే నరం ఎక్కువ నలగొచ్చు. ఒత్తిడి బయటికి పోయే దారి దానికి లేదు కాబట్టి.

మజ్జిగన్నం:
ఎముకల సంగతి నేను రాస్తాను. ముందు కంగారు తగ్గించే మాట: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్‌లోనే కాదు, ఎముకల్లోనూ తయారవుతుంది. గ్రేవ్స్ తగ్గుముఖం పట్టాక ఎముక తిరిగి కట్టుకునే నెలల్లో అది పెరిగి ఉండటం మామూలే. కార్బిమజోల్ అరుదుగా లివర్‌నూ దెబ్బతీస్తుంది కాబట్టి ఊరికే వదిలేయకుండా జీజీటీ, బిలిరుబిన్ అనే లివర్ పరీక్షలు చూపించండి. అవి మామూలుగా ఉంటే పెరిగింది ఎముకల వల్లే అనుకోవచ్చు.

ఎముక ఒకచోట తవ్వి, అక్కడే పూడ్చుకుంటూ బతుకుతుంది. మామూలుగా ఆ చక్రానికి దాదాపు 200 రోజులు పడుతుంది. హార్మోన్ ఎక్కువైతే సగం రోజుల్లోనే తిరిగేస్తుంది. తవ్వే పని త్వరగా అయిపోతుంది, పూడ్చే పనికి టైము చాలదు. ప్రతి చుట్టూ కొంత గుంత మిగిలిపోతుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అడ్డు కూడా లేకపోవడంతో నష్టం రెట్టింపు. హార్మోన్ సర్దుకున్న తర్వాత ఏడాది రెండేళ్లలో సాంద్రత కొంత తిరిగొస్తుంది కానీ, ఈ వయసులో పూర్తిగా వస్తుందని లెక్క కట్టకండి. -2.5, అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపొరోసిస్ అనే అంటారు.

స్కాన్ నడుముకే తీశారా, తుంటికి కూడానా? ఈ వయసులో నడుము వెన్నుపూసల అంచులు అరిగి ముళ్లు పెరిగితే స్కోరు ఉన్నదాని కంటే మెరుగ్గా కనిపిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు గట్టి ఎముక బాగా దెబ్బతింటుంది కాబట్టి ముంజేయి స్కాన్ కూడా అడగండి. మళ్లీ తీయించేటప్పుడు అదే సెంటర్లో, అదే మెషీన్ మీద తీయించండి, మెషీన్ మారితే అంకెలు పోల్చలేం. ఉచిత శిబిరాల్లో మడమకు పెట్టి చూసే పరీక్షతో దీన్ని పోల్చి గాభరా పడొద్దు, అది వేరే లెక్క.

కాల్షియం: రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కావాలి, తిండితో కలిపి. పావు లీటరు పాలల్లో దాదాపు 300, నూరు గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. మిగిలిందే మాత్ర. కార్బొనేట్ రకమైతే అన్నం తిన్నాక, ఒక్కసారికి 500 మించకుండా. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లకు సిట్రేట్ రకం నయం. ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించాలి. గ్రేవ్స్‌లో ఎముకల నుంచి కరిగి రక్తంలో కాల్షియం ఇప్పటికే ఎక్కువుండే అవకాశం ఉంది. డి తక్కువైతే రాసే 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి, రోజుకు ఒకటి కాదు. చీటీ సరిగా చదవక రోజూ మింగి కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్లు ఉంటారు. క్యాలెండర్లో ఆదివారాల మీద గుండ్రాలు చుట్టి పెట్టండి.

ఎముక కరగకుండా ఆపే అలెండ్రొనేట్ 70 మి.గ్రా. రాస్తే అదీ వారానికి ఒకటే: పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో, తర్వాత అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా. కాఫీతో మింగితే ఒంటికి పట్టదు. పడుకుంటే గొంతు కింద గొట్టంలో ఇరుక్కుని పుండు పడుతుంది. అదే పనికి ఏడాదికోసారి ఇచ్చే జోలెండ్రొనిక్ యాసిడ్ సెలైన్ అయితే ముందు పళ్లు చూపించుకోవాలి, విటమిన్ డి సరిచేసుకోవాలి. అది అరుదుగా కంట్లోనూ వాపు తెస్తుంది. కళ్లు ఇప్పుడున్న స్థితి చెప్పకుండా అది ఎక్కించుకోవద్దు.

ఇంకొకటి. ఈ జబ్బులో తొడ కండరాలు నీరసిస్తాయి, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేరు. దానికి రెండుగా కనిపించడం తోడైతే మెట్టు తప్పుతుంది. తుంటి విరిగేది స్కోరు వల్ల కాదు, పడటం వల్ల. మెట్ల అంచులకు పసుపు టేపు అంటించండి, బాత్రూములో పట్టుకునే కడ్డీ పెట్టించండి. రెండుగా కనిపించేదాన్ని ఒకటి చేసే ఫ్రెనెల్ ప్రిజం స్టిక్కర్ కంటి డాక్టరును అడగండి, ఉన్న కళ్లజోడు మీదే అంటిస్తారు.

మందులచీటీ:
ఒక ప్రశ్న. ఫ్రీ టీ4 1.5 అన్నారు. అమ్మగారు జుట్టుకు, గోళ్లకు అని మాత్రలేమైనా వేసుకుంటున్నారా? గ్రేవ్స్‌లో జుట్టు రాలుతుంది కాబట్టి అడుగుతున్నాను.

కృష్ణాతీరం:
అవునండి, రెండున్నర నెలలుగా. మెడికల్ షాపులో ఇచ్చారు. డబ్బా మీద బయోటిన్ 10 మి.గ్రా. అని ఉంది. దానికీ దీనికీ ఏం సంబంధం? డాక్టరుకు చెప్పలేదు, విటమినే కదా అని.

మందులచీటీ:
చాలా సంబంధం ఉంది. చాలా ల్యాబ్ మెషీన్లు హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో అది విపరీతంగా ఉంటే కొక్కేలన్నీ నిండిపోయి లెక్క తప్పుతుంది. టీ4, టీ3 ఉన్నదాని కంటే ఎక్కువగా, టీఎస్‌హెచ్ తక్కువగా చూపిస్తాయి. కొన్ని మెషీన్లలో యాంటీబాడీ పరీక్ష కూడా తప్పుతుంది. అచ్చం గ్రేవ్స్ రిపోర్టు లాగే ఉంటుంది. అమ్మగారి జబ్బు నిజమే, కళ్లే చెబుతున్నాయి. రిపోర్టులోని 1.5 నిజమా కాదా అన్నదే అనుమానం. అసలు టీ4 రేంజ్ కంటే కిందికి పడిపోయి ఉంటే, 15 మి.గ్రా. ఆమెకు ఎక్కువవుతున్నట్టు. హార్మోన్ ఎక్కువైనా, మరీ తగ్గినా ఈ కంటి వాపు ముదురుతుంది. కళ్లు ముదిరిందీ, ఈ డబ్బా మొదలుపెట్టిందీ ఇంచుమించు ఒకే సమయంలో అయ్యాయి. కారణం ఇదేనని అనలేను, కానీ ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఆ మాత్ర ఆపండి. మూడు రోజులు ఆగి ఫ్రీ టీ4, టీ3, టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి. ల్యాబ్ వాళ్లకు, డాక్టరుకు బయోటిన్ సంగతి చెప్పండి. ఈలోగా కార్బిమజోల్ మీ అంతట మీరు తగ్గించొద్దు, ఆపొద్దు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి డోసు మార్చమని అడగకండి, హార్మోన్ సర్దుకున్నాక కూడా అది నెలల తరబడి అణిగే ఉంటుంది. డోసు నడిపించేది టీ4, టీ3. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చూడాలి.

ఆకలి, బరువు, చలి, మలబద్ధకం కూడా అడిగి రాసుకోండి. రెండు నెలల్లో మూడు నాలుగు కిలోలు పెరిగి, ఏసీ కట్టేయమంటుంటే రిపోర్టు కంటే ఆ మాటనే డాక్టరు ముందు పెట్టండి.

కృష్ణాతీరం:
బరువు 48 అన్నది మొదట్లోది. ఇప్పుడే తూచాం, 53. ఫ్యాన్ కూడా వద్దంటోంది. డబ్బా తీసి పక్కన పడేశాను, గురువారం రక్తం ఇస్తాం, శనివారం కంటి ఆసుపత్రికి. జ్వరం వస్తే ఏదో పరీక్ష చేయించాలని విన్నాను, అదేమిటి?

మందులచీటీ:
కార్బిమజోల్ అరుదుగా రక్తంలోని తెల్లకణాలను దాదాపు తుడిచేస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, కానీ తర్వాతా రావచ్చు. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎన్నున్నాయో చూపించాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. పైన చెప్పిన జోలెండ్రొనిక్ సెలైన్ ఎక్కించాక కూడా ఒకటి నుంచి మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ‘ఇంజెక్షన్ జ్వరమేలే’ అని వదిలేసే చిక్కు అక్కడే ఉంది. ఆ జ్వరానికైనా సీబీసీ చేయించండి. కార్బిమజోల్ వాడుతున్నారన్న మాట సెలైన్ పెట్టే నర్సుకు కూడా చెప్పి ఉంచండి.