18 కి.మీ. దాటగానే అరికాలికి బొబ్బలు. 50 కి.మీ. నడవాలి, ఏం చేయాలి?

పిల్లల క్యాన్సర్ చికిత్స విరాళాల కోసం వచ్చే నెలాఖరున 50 కి.మీ. నడకకి పేరిచ్చాను. ఇంకా ఐదు వారాలుంది. ఊపిరికి, మోకాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా పాదాలతోనే.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ బయటి దారిలో నడుస్తున్నాను. వారంలో మూడు రోజులు 8 కి.మీ., ఆదివారం పొద్దున నాలుగున్నరకి మొదలుపెట్టి నాలుగు రౌండ్లు, ఫోను లెక్కలో సుమారు 24. గంటకి ఐదు కి.మీ. చొప్పున. 15 దాకా హాయిగా ఉంటుంది. 18 దగ్గర కుడి అరికాలు, బొటనవేలి కింద మెత్తటి చోట, మంట మొదలవుతుంది. ఇంటికొచ్చి చూస్తే రూపాయి బిళ్ళంత నీటి బొబ్బ. మూడు ఆదివారాలుగా అదే కాలు, అదే చోటు.

కాటన్ సాక్సులు మానేసి పాలిస్టర్‌వి వేశాను. బూట్లు 8 నుంచి 9కి మార్చాను, దాంతో మడమ జారుతోంది! వ్యాజలైన్ గంటన్నరకే ఇంకిపోతోంది. మైక్రోపోర్ టేపు చెమటకి ముడుచుకుని ఇంకా ఎక్కువ ఒరుస్తోంది. పౌడరు సంగతి చెప్పకండి, ముద్దయిపోయింది. బొబ్బని సూదితో గుచ్చలేదు, షుగర్ లేదు.

40 కి.మీ. పైన నడిచినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను: మన ఉక్కపోతలో, చెమటకి ఊడకుండా అరికాలికి మీరు ఏ టేపు, ఎలా అంటించారు?