అప్‌డేట్: లాక్ పడి వెంటనే తెరుచుకునే డోర్ల సమస్య తీరింది

రిమోట్ నొక్కగానే మా కారు నాలుగు డోర్లూ లాకై, టక్కున మళ్లీ తెరుచుకుంటున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. కారణం దొరికింది!

రిమోట్‌లో సెల్ మార్చమని చాలామంది చెప్పారు. కొత్త సీఆర్ 2032 వేశా, తేడా లేదు. అయినా ఒకసారి లాక్ పడుతోందంటే సిగ్నల్ అందుతున్నట్టే కదా. డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు తెగుతాయన్నారు, అవీ బాగానే ఉన్నాయి.

డ్రైవర్ డోర్ ప్యాడ్ (లోపలివైపు కవరు) విప్పాక అసలు దొంగ బయటపడ్డాడు. మా కారులో ఆ డోర్ యాక్చుయేటర్‌కి, అంటే లాక్‌ని కదిపే చిన్న మోటారుకి, ఐదు వైర్లు, మిగతా డోర్లవాటికి రెండే. ఆ అదనపు వైర్లు లోపలున్న చిన్న స్విచ్‌వి. డోర్ లాకయిందో లేదో కంట్రోల్ యూనిట్‌కి (అన్ని లాకులనీ నడిపే డబ్బాకి) చెప్పేది అదే. అది పాడై, లాకైనా తెరిచే ఉందని చెబుతోంది. దాంతో యూనిట్ అన్నింటినీ తెరిచేస్తోంది. షాపులో మొత్తం లాక్ కిట్ మార్చాలన్నారు, అవసరం లేదని ఒక్క యాక్చుయేటరే వేయించా.

మీరు చేయిస్తే ప్యాడ్ బిగించకముందే, అద్దం దించి, రిమోట్ నొక్కి చూసుకోండి. లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ సరిగ్గా అతికించమనండి, లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలికొస్తాయి.

వెనక ఎడమ డోరు మాత్రం ఇంకా కాస్త బద్ధకంగా పడుతోంది. దానికి గ్రీజు పెట్టి చూడాలి.